కుండీలో ఎర్ర గోంగూర: ఆకుకీ, కాయకీ

పచ్చడికి మంచి పులుపు కావాలంటే ఎర్రకాడ గోంగూరే వేయండి. జూన్‌లో గింజల్ని రాత్రంతా నానబెట్టి, 12 అంగుళాల కుండీలో సెంటీమీటరు లోతున నాటితే వారంలో మొలుస్తాయి. కాయలు కూడా కావాలంటే కుండీకి ఒక్క మొక్కే ఉంచాలి. అడుగెత్తు రాగానే చివర తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది. నెల దాటాక ఆకు కోసుకోవచ్చు.

పూత పగటివేళ తగ్గాకే వస్తుంది, సుమారు అక్టోబరులో. రాత్రంతా వీధిలైటు పడే చోట ఆలస్యమవుతుంది. యూరియా ఎక్కువైతే ఆకే తప్ప కాయ సరిగా రాదు. పువ్వు రాలిన రెండు వారాలకు, కాయ చుట్టూ ఉన్న ఎర్రటి తొడుగు కండగా, పెళుసుగా ఉన్నప్పుడే కోయండి, ముదిరితే పీచెక్కుతుంది.

పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకుల అడుగున పిచికారీ చేయండి.