ఇంటి దగ్గరే కారు బ్రేకుల్లో గాలి తీయడం

పెడల్ తొక్కితే స్పాంజిలా మెత్తగా దిగిపోతోందా, రెండు మూడు సార్లు కొడితే గానీ బ్రేకు పట్టడం లేదా? లైన్లో గాలి చేరి ఉండొచ్చు. ముందుగా చక్రాల లోపలి వైపు, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్ని లైన్లలోకి నెట్టే భాగం) కింద తడి ఉందేమో చూడండి. ఉంటే అది లీకు, మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్ రకం ద్రవం, గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 గ్రేడ్ ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, అదే తేమ పట్టాక ఆ లెక్క 155కి పడిపోవచ్చు. తిరుమల ఘాట్ దిగుతూ బ్రేకు మీద కాలు తీయకుండా వస్తే లోపల ఆవిరి పుట్టి పెడల్ ఖాళీగా దిగేది ఇందుకే. రెండేళ్లకోసారి మార్చేయండి, ఎప్పుడో సీల్ తీసి అటక మీద పెట్టిన డబ్బా వాడొద్దు. ఏ గ్రేడో బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీదే ఉంటుంది. డాట్ 5 మాత్రం సిలికాన్, దాని జోలికి పోకండి.

చదును నేల, చక్రాలకి అడ్డం రాళ్లు, జాకీతో లేపాక కింద స్టాండ్లు, ఆ తర్వాతే చక్రాలు విప్పడం. ఇటుకలు పెట్టి కింద దూరడం మాత్రం వద్దు, ఒక్కసారి పగిలితే చాలు.

మన కార్లలో మాస్టర్ సిలిండర్ కుడి పక్క ఉంటుంది కాబట్టి మామూలుగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి, ఈ వరసలో చేస్తారు. కొన్ని కార్లకి వేరే వరస, మాన్యువల్ చూసుకోండి. ప్రతి చక్రం బ్రేకు వెనక గాలి తీసే చిన్న మర ఉంటుంది, అదే నిపుల్. నిపుల్‌కి ముందు రింగ్ స్పానర్ తొడిగి, తర్వాతే పారదర్శకంగా ఉండే సన్న పైపు పెట్టండి. రెండో కొస కొంచెం కొత్త ఆయిల్ పోసిన సీసాలో మునగాలి.

ఇంజిన్ ఆపి, ఇంట్లో ఒకర్ని సీట్లో కూర్చోబెట్టండి. "తొక్కు" అంటే మెల్లగా తొక్కి పట్టుకోవాలి, మీరు నిపుల్ పావు చుట్టు వదులు చేస్తే పెడల్ దిగుతుంది, బుడగలు వస్తాయి. నిపుల్ బిగించి "వదులు" అన్నాకే కాలు తీయాలి. ముందే తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది, చేసిందంతా వృథా. పాత బండైతే పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి, అడుగుదాకా తొక్కితే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు దెబ్బతినొచ్చు.

నేను మొదటిసారి బుడగలే చూస్తూ ట్యాంకు సంగతి మర్చిపోయాను, అది ఖాళీ అయి మళ్లీ మొదటి చక్రం నుంచి మొదలు! అయిదారు తొక్కుళ్లకోసారి పోస్తూ ఉండండి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేదంటే రంగు ఊడుతుంది.

చక్రాలు విప్పారు కాబట్టి డిస్క్ ప్యాడ్లు కూడా చూసేయండి, 3 మిల్లీమీటర్లకి దగ్గరైతే మార్చాలి. పిస్టన్ లోపలికి నొక్కితే ట్యాంకు పొంగొచ్చు, చూసుకోండి.

అన్నీ బిగించాక ఇంజిన్ ఆన్ చేసి పెడల్ నొక్కి పట్టండి, మెల్లగా జారిపోతుంటే కారు బయటికి తీయొద్దు. గట్టిగా నిలిస్తే సందులో నడక వేగంతో నాలుగైదు సార్లు ఆపి చూశాకే రోడ్డెక్కండి. ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) యూనిట్లో గాలి ఇరుక్కుంటే చాలా కార్లకి స్కానర్ పెట్టి పంపు తిప్పాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు.