పార్ఫిరిన్ పాఠాలు – 4: పీట మీంచి మెగ్నీషియం లేస్తే

పోయిన పాఠం చివర ఒక బొమ్మ గీయమన్నాను. నాలుగు పైరోల్ వలయాలు (నాలుగు కార్బన్లు, ఒక నైట్రోజన్ ఉన్న చిన్న వలయాలు), వాటిని గుండ్రంగా కలిపే నాలుగు కార్బన్ వంతెనలు, నడిమధ్యకు తిరిగి ఉన్న నాలుగు నైట్రోజన్లు. పార్ఫిరిన్ అంటే ఈ పెద్ద వలయమే. ఆ కాగితం ముందు పెట్టుకోండి. మధ్యలో ఖాళీ ఉంది చూశారా, కేంద్రం నుంచి ఒక్కో నైట్రోజన్‌కి దాదాపు 200 పికోమీటర్లు. ఇన్నాళ్లూ దాన్ని ఖాళీ అన్నాం. ఇవాళ్టి నుంచి పీట అందాం. ఆ పీట మీద ఏ లోహం కూర్చుంది, ఎంత గట్టిగా కూర్చుంది, దాన్ని లేపాలంటే ఏం కావాలి? పాఠం అయ్యేసరికి ఇవి మీరే చెప్పగలగాలి. దీనికి స్పెక్ట్రోమీటర్ ఏమీ అక్కర్లేదు. ఆకుకూర, వెనిగర్, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం), దొంగనోట్లు పట్టే అతినీలలోహిత టార్చి ఉంటే చాలు.

ముందు పొయ్యి దగ్గరికి పదండి. బ్రాడీపేటలో మా ఇంట్లో వారానికి ఒక్కసారైనా గోంగూర మగ్గాల్సిందే. గుంటూరు వాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. కానీ ఈసారి మూకుట్లో ఆకు వేశాక గరిటె పక్కన పెట్టి, రంగు మాత్రమే చూడండి. నూనె తగలగానే ఆకు ఒక్కసారి ముందుకంటే పచ్చగా మెరుస్తుంది. ఆకు సందుల్లో ఉన్న గాలి బయటికి పోవడం వల్ల వచ్చే మెరుపది, ఎంతోసేపు ఉండదు. తర్వాత ఆకు ముడుచుకుంటుంది, నీరు వదులుతుంది, అక్కడక్కడా ఖాకీ రంగు మచ్చలు పడతాయి. చూస్తుండగానే మచ్చలన్నీ కలిసిపోయి మొత్తం ఖాకీ అయిపోతుంది. అమ్మ భాషలో చెప్పాలంటే ‘మగ్గింది’. మన భాషలో చెప్పాలంటే, మెగ్నీషియం లేచిపోయింది.

అదే మూకుట్లో తోటకూర వేస్తే అంతసేపటికీ చాలావరకు పచ్చగానే ఉంటుంది. వేడి రెండింటికీ ఒకటే. తేడా పులుపులో ఉంది.

పచ్చి గోంగూర ఆకులో పులుపు, పచ్చదనం వేరువేరు గదుల్లో ఉంటాయి. ఆమ్లాలు కణంలోని పెద్ద నీటి సంచిలో, పీట మీద మెగ్నీషియం కూర్చున్న పచ్చరంగు పదార్థం క్లోరోఫిల్ హరితరేణువుల్లో. మధ్యలో పలచటి పొరలు. వేడికి ఆ పొరలు చిరిగి పులుపు వచ్చి పచ్చదనం మీద పడుతుంది. అప్పుడు పులుపులోని రెండు ప్రోటాన్లు పీట దగ్గరికొచ్చి నైట్రోజన్లను పట్టుకుంటాయి, మెగ్నీషియం అయాన్ దిగిపోతుంది. రెండు ధనావేశాలు పోయాయి, రెండు వచ్చాయి, లెక్క సరిపోయింది. మిగిలిన వలయం పేరు ఫియోఫైటిన్. (క్లోరోఫిల్‌ది కచ్చితంగా పార్ఫిరిన్ వలయం కాదనీ, ఒక పైరోల్‌లో జంటబంధం తగ్గిన క్లోరిన్ వలయమనీ రెండో పాఠంలో చెప్పుకున్నాం. ఈ క్లోరిన్‌కి కుళాయి నీళ్లలో కలిపే క్లోరిన్‌తో చుట్టరికం లేదు. పీట విషయంలో పెద్ద తేడా రాదు కాబట్టి ముందుకెళ్దాం.)

రంగు ఎందుకు మారిందో కూడా చూడండి. ఈథర్‌లో కరిగిన క్లోరోఫిల్-ఎ ప్రధానంగా 430, 662 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగుతుంది. అంటే నీలం, ఎరుపు పోయి పచ్చ మిగులుతుంది. మెగ్నీషియం పోయాక, కాంతిని మింగే ఈ రెండు పట్టీల్లో మొదటిది 409కి జరుగుతుంది, ఎరుపు వైపు పట్టీ బలం తగ్గుతుంది, 505, 535 దగ్గర కొత్త పట్టీలు లేస్తాయి. ఆ కొత్తవి వచ్చి పడింది సరిగ్గా పచ్చ కాంతి ఉండే చోట. మన కంటికి రావాల్సిన పచ్చలోంచే కోత పడ్డాక మిగిలేది ఖాకీయే.

చిటికెడు తినే సోడా వేస్తే గోంగూర పచ్చగా ఉంటుంది కదా అని ఒకసారి అన్నాను. ‘అప్పుడు దాన్ని గోంగూర అనరురా’ అంది అమ్మ. ఆవిడ చెప్పింది నిజమే. సోడా ఆమ్లాన్ని చంపుతుంది, దాంతోపాటు రుచినీ చంపుతుంది.

పులుపుతో మెగ్నీషియాన్ని దించే ఈ పద్ధతికి చరిత్రలో పెద్ద పీటే ఉంది. క్లోరోఫిల్‌లో కనిపించే మెగ్నీషియం దానిదేనా, మట్టిలోంచి అంటుకొచ్చిన మలినమా అన్న అనుమానం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బలంగా ఉండేది. దానిదేనని తేల్చినవాడు జర్మన్ రసాయనవేత్త రిషార్డ్ విల్‌ష్టెటర్, 1915లో నోబెల్ అందుకున్నాడు. ఆకు రసంలోంచి మెగ్నీషియాన్ని దించి ఫియోఫైటిన్ తీయడానికి ఆయన వాడింది ఆక్సాలిక్ ఆమ్లం. గోంగూరలో ఉన్న ఆమ్లాల్లో అదీ ఒకటి.

ఇప్పుడు అసలు విద్య. ఏ లోహం సులువుగా లేస్తుంది, ఏది లేవనంటుంది అని ముందే చెప్పడానికి ఒక చిటికె లెక్క ఉంది. లోహ అయాన్ ఆవేశాన్ని దాని రుణవిద్యుదాత్మకతతో (ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే బలంతో) గుణించండి, వందతో గుణించండి, అయాన్ వ్యాసార్థంతో (పికోమీటర్లలో) భాగించండి. మెగ్నీషియానికి ఆవేశం 2, రుణవిద్యుదాత్మకత 1.31, వ్యాసార్థం 72. లెక్క 3.64 వస్తుంది. రాగికి 2, 1.90, 73. లెక్క 5.21. వ్యాసార్థాలు చూడండి, తేడా ఒక్క పికోమీటరే. కాబట్టి పీట సైజు సరిపోవడం ఒక్కటే అయితే ఇద్దరూ ఒకేలా కూర్చోవాలి. అలా కూర్చోరు. రాగి నైట్రోజన్లతో ఎలక్ట్రాన్లు బాగా పంచుకుంటుంది, పైగా నాలుగు వైపులా చదరంగా పట్టుకునే అమరిక దానికి ఇష్టం. మెగ్నీషియం బంధం ఎక్కువగా ఆవేశాల ఆకర్షణ మీదే నడుస్తుంది. అందుకే మెగ్నీషియాన్ని లేపడానికి వంటింటి పులుపు చాలు, రాగిని లేపాలంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం దాకా పోవాలి.

ఇది చిటికె లెక్కే సుమా, శాసనం కాదు. సీసం అయాన్ వ్యాసార్థం 119 పికోమీటర్లు. అది అసలు పీటలో పట్టదు, వలయం పైన ఎత్తుగా కూర్చుంటుంది. లెక్కతోపాటు సైజు మీద కూడా ఒక కన్ను వేసి ఉంచండి.

లెక్క నిజమో కాదో సీసాలో చూద్దాం. మొదటిసారి నేను అత్యుత్సాహంగా గోంగూరనే సర్జికల్ స్పిరిట్‌లో నానబెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి ప్రయోగం నాకంటే ముందే అయిపోయింది, సీసా నిండా ఖాకీ. ఆకులోని పులుపు నా కోసం ఎందుకు ఆగుతుంది! రెండోసారి మునగాకు తీసుకుని, సీసాను మేడ మీద ఎండలో పెట్టి మర్చిపోయాను. గుంటూరు ఎండకి రంగే ఎగిరిపోయింది. కాబట్టి పులుపు లేని ఆకు తీసుకోండి, నీడన పెట్టండి.

గుప్పెడు మునగాకుని చిటికెడు తినే సోడాతో నూరండి. ల్యాబ్‌లో అయితే ఇదే పనికి కాల్షియం కార్బొనేట్ వేస్తారు, ఆకులో ఉన్న కాస్త పులుపునీ అణచడానికి. ముద్దని గాజు సీసాలో వేసి, మునిగేలా మెడికల్ షాపు స్పిరిట్ పోసి, పావుగంట ఊపుతూ ఉంచి, గుడ్డలో వడకట్టండి. ఆ పచ్చటి ద్రావణాన్ని మూడు చిన్న గాజు సీసాల్లోకి పంచండి. హోమియో మందుల తెల్ల సీసాలు భేషుగ్గా ఉంటాయి. మొదటిది అలాగే ఉంచండి. రెండో దాంట్లో, మూడో దాంట్లో ఇరవై చుక్కల చొప్పున వెనిగర్ వేసి, మూత బిగించకుండా వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. నీళ్లు వేరేచోట కాచి తెచ్చుకోండి. స్పిరిట్ దగ్గర పొయ్యి, అగ్గిపుల్ల ఏదీ ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. నాకు దాదాపు అరగంట పట్టింది. రెండూ ఖాకీలోకి దిగాయి. వెనిగర్ మరీ ఎక్కువైతే ద్రావణం మసకబారుతుంది, అది రంగు మార్పు కాదు, నీళ్లు ఎక్కువై క్లోరోఫిల్ కరగలేకపోవడం.

ఇక మైలుతుత్తం. మిర్చి రైతులున్న ఇళ్లలో బోర్డో మిశ్రమం కోసం తెచ్చింది ఎక్కడో అటక మీద ఉంటుంది. లేకపోతే ఎరువుల దుకాణంలో అడగండి. ఇది విషం. వంటగిన్నెలు, వంట చెంచాలు వాడకండి, చేతులకు గ్లవుజులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. పెసరగింజంత పలుకుని చెంచాడు నీళ్లలో కరిగించి, అయిదారు చుక్కలు మూడో సీసాలో వేసి మళ్లీ వేడినీళ్లలో పెట్టండి.

ఖాకీ మెల్లగా విరిగి పచ్చ తిరిగి వస్తుంది. అయితే పాత పచ్చ కాదు, కొంచెం నీలం కలిసిన, కాస్త ముదురు పచ్చ. ఇప్పుడు అందులో ఇంకో పది చుక్కలు వెనిగర్ వేయండి. ఏమీ కాదు. రాత్రంతా ఉంచినా ఏమీ కాదు. 3.64కీ 5.21కీ తేడా ఏమిటో కంటితో చూశారు.

ఇది తెలిశాక మా నానమ్మ కాలం ఇత్తడి గిన్నెలు వేరేలా కనిపిస్తాయి. లోపల కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచనిచ్చేవారు కాదు, చిలుము దిగుతుందని. అలాంటి గిన్నెలో గోంగూర మగ్గిస్తే పులుపుకి రాగి కరిగి పీటెక్కి, పచ్చడి నిగనిగలాడే పచ్చగా రావచ్చు. పచ్చగా ఉందని మురిసిపోయి తింటే అంతే సంగతులు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో డబ్బా బఠాణీలకి కావాలనే రాగి లవణం కలిపేవారు, ఇదే పచ్చ కోసం. ఖాకీ గోంగూర తిన్నా ఏ భయమూ లేదు.

గది చీకటి చేయండి. నోట్లు చూసే అతినీలలోహిత టార్చిని మూడు సీసాల మీదా పక్క నుంచి కొట్టండి. కళ్లలోకి మాత్రం కొట్టుకోకండి. మొదటి సీసా ఎర్రగా వెలుగుతుంది. ఆకుపచ్చ నీళ్లలోంచి నెత్తురు రంగు రావడం మొదటిసారి చూసినప్పుడు మా అమ్మాయి ‘సీసా మార్చేశావా నాన్నా’ అంది. రెండోదీ ఎర్రగానే వెలుగుతుంది. మూడోది వెలగదు. వలయం మింగిన శక్తిని మళ్లీ కాంతిగా వదలాలి. రాగి అయాన్‌లో జతలేని ఎలక్ట్రాన్ ఒకటుంది, దానివల్ల ఆ శక్తికి వేడిగా జారిపోయే దారి దొరుకుతుంది. మీ మూడో సీసాలో మసగ్గా ఎరుపు మిగిలితే కంగారు పడకండి, రాగి ఎక్కని ఫియోఫైటిన్ ఇంకా ఉందని అర్థం. మరోసారి వేడినీళ్లలో పెట్టండి.

అంటే రంగు, పులుపు, టార్చి ఈ మూడూ కలిపి చూడాలి. పచ్చగా ఉంది అన్న ఒక్క మాటతో లోహాన్ని తేల్చకూడదు, మొదటి సీసా, మూడో సీసా రెండూ పచ్చనివే కదా.

ఒక హెచ్చరిక. వండితే రంగు మారిందనగానే ‘లోహం లేచిపోయింది’ అనేయకండి. ఆదివారం మాంసం ఎర్రగా తెచ్చుకుంటాం, ఉడికాక గోధుమరంగు అవుతుంది. అక్కడ ముఖ్యంగా జరిగేది వేరు. ఇనుము పీట మీదే ఉంటుంది (ఇనుము కూర్చున్న ఆ వలయమే హీమ్). చుట్టూ ఉన్న ప్రోటీన్ చెదిరి, ఇనుము ఆవేశం 2 నుంచి 3కి మారుతుంది.

దాని నుంచే ఇంటిపని. ఇనుము రుణవిద్యుదాత్మకత 1.83. ఆవేశం 2 ఉన్నప్పుడు వ్యాసార్థం 78, ఆవేశం 3 ఉన్నప్పుడు 64.5. రెండింటికీ చిటికె లెక్క వేసి, హీమ్‌లోంచి ఇనుమును దించాలనుకునేవాళ్లు ముందు దాన్ని ఏ ఆవేశంలోకి తెచ్చుకోవాలో చెప్పండి. తర్వాత జింక్: 1.65, 74. దాని అయాన్‌లో జతలేని ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. జింక్ పీటెక్కిన సీసా టార్చి కింద వెలుగుతుందా, వెలగదా? కారణంతో సహా రాసిపెట్టుకోండి. సీసం విషం ఎక్కిందేమోనని చేసే ఒక రక్తపరీక్ష ఈ జవాబు మీదే నడుస్తుంది, వచ్చే పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది.

మూడు సీసాలకీ మూతలు బిగించి, ‘విషం’ అని చీటీ అంటించి, వెలుతురు తగలని అలమరలో తాళం వేసి ఉంచండి. మూడోది మళ్లీ కావాలి.