ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తగ్గాలంటే వెన్న తీసేసిన చోట ఏం పెట్టాలి?

పెద్ద వయసులో రోజుకు 1,600 కేలరీలు తింటారనుకుంటే, ఎల్‌డీఎల్‌ను పెంచే సంతృప్త కొవ్వు అందులో 10 శాతం లోపు, అంటే దాదాపు 18 గ్రాములు దాటకూడదు. టేబుల్ స్పూన్ వెన్నలో 7 గ్రాములు, కొబ్బరినూనెలో 11–12, పొద్దుతిరుగుడు నూనెలో ఒకటిన్నర. అసలు లెక్క ఇక్కడే తేలిపోతుంది.

వెన్న మానేసి ఆ ఖాళీని బిస్కెట్లతో, తెల్ల బ్రెడ్‌తో నింపితే ఒరిగేదేమీ లేదు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు (మరో రకం కొవ్వు) పెరగొచ్చు. పైగా చాలా బిస్కెట్లలో ఉండేది సంతృప్త కొవ్వు ఎక్కువుండే పామాయిలే, నేనైతే ముందు లేబుల్ చూస్తాను. వెన్న బదులు అదే కొలతలో పొద్దుతిరుగుడు, సోయా నూనెలు వాడాలి. కొవ్వంతా మానేస్తే బరువుతోపాటు కండ కూడా కరగొచ్చు, కాబట్టి మాంసకృత్తులు తగ్గనివ్వొద్దు.

ఇలా మార్చిన 6–12 వారాలకు లిపిడ్ పరీక్ష (రక్తంలో కొవ్వుల పరీక్ష) మళ్లీ చేయించాలి. రిపోర్టు బాగుందని స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వాడేవాళ్లు దాన్ని సొంతంగా ఆపేస్తే ఎల్‌డీఎల్ మళ్లీ పెరుగుతుంది.