పాత ఫొటోలతో స్క్రాప్‌బుక్: సామాన్లు కొనే ముందు జాగ్రత్తలు

• ముందు కాగితం. ప్యాకెట్ మీద ‘యాసిడ్ ఫ్రీ’, ‘లిగ్నిన్ ఫ్రీ’ రెండూ ఉన్నాయా చూడండి. లిగ్నిన్ అంటే చెక్కలో ఉండే పదార్థం. న్యూస్‌పేపర్ ఎండకు పసుపు రంగుకు తిరిగేది చాలావరకు దానివల్లే. అలాంటి కాగితానికి అంటిస్తే ఆ మచ్చ ఫొటోకీ పాకుతుంది. పేజీలకు 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) పైన కార్డ్‌స్టాక్, అంటే మందపాటి కాగితం తీసుకోండి, బరువుకు వంగదు.

• నీళ్ల జిగురు, మామూలు టేపు వద్దు. జిగురు తడికి పేజీ ముడతలు పడుతుంది, టేపు కొన్నేళ్లకు పసుపు జిడ్డు వదులుతుంది. ఫొటో కార్నర్లు, అంటే పేజీకి అతికించే చిన్న మూల జేబులు కొనండి. నాలుగు మూలలూ వాటిలో దూర్చితే చాలు, ఎప్పుడు కావాలన్నా ఫొటో క్షేమంగా బయటికొస్తుంది. మా అమ్మమ్మ పెళ్లి ఫొటోని జిగురు పేజీల ఆల్బమ్ నుంచి తీయబోతే, చీర అంచు దగ్గర పొర లేచిపోయింది. ఇప్పటికీ బాధే. అందుకే ఒరిజినల్‌ని దాచిపెట్టి, స్కాన్ తీసిన ప్రింటే వాడండి.

• ఫొటోలు, పేజీలు పెట్టే ప్లాస్టిక్ కవర్లు పీవీసీ రకంవి వద్దు, పాలీప్రొపిలీన్ రకంవి అడగండి.

• రాయడానికి పిగ్మెంట్ ఇంకు (సన్నని రంగు పొడి కలిసిన ఇంకు) పెన్ను. ఫొటో వెనక బాల్‌పెన్‌తో నొక్కి రాయకండి, ముందువైపు గాట్లు తేలతాయి.

• కట్టర్‌తో పాటు స్టీలు స్కేలు తప్పనిసరి. ప్లాస్టిక్ స్కేలు అంచుని బ్లేడు చెక్కేస్తుంది.

• కాగితాన్ని పూలు, నక్షత్రాల్లాంటి ఆకారాల్లో కత్తిరించే పంచ్‌లు, స్టిక్కర్లు నాలుగు పేజీలు చేశాక కొనుక్కోవచ్చు.