పాత జిప్సీ ఛాసిస్‌కి తుప్పు మరమ్మతు – 3వ పాఠం: కోయడం, అతకడం

పోయిన పాఠంలో సుత్తితో తట్టి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి, తుప్పు తిన్న చోట్లన్నీ సుద్దముక్కతో గీసుకున్నాం. ఈసారి ఆ గీతల లోపలి ఇనుము తీసేసి కొత్త ప్లేటు వేద్దాం.

మారుతి జిప్సీ 1985 చివర్లో వచ్చింది. తొలి బళ్లకు ఇప్పుడు నలభై ఏళ్లు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి తిరిగిన బళ్లలో ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంటుంది, ఛాసిస్, అంటే బండిని మోసే అడుగు చట్రం, మాత్రం పోతుంది. ఛాసిస్ రైలు, అంటే ఆ చట్రంలో రెండు పక్కలా బండి పొడవునా పోయే దూలం, లోపల డొల్లగా ఉంటుంది. చక్రాలు చిమ్మిన బురద అందులో చేరి, నీళ్లు కారిపోయే రంధ్రాలు పూడుకుపోతాయి. తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది కాబట్టి, బయట రూపాయి బిళ్లంత చిల్లు కనిపిస్తే లోపల అరచేయంత పోయి ఉంటుందని అనుకోండి.

చాలా షెడ్లలో ఆ తుప్పు మీదే రేకు కప్పి చుట్టూ వెల్డింగ్ లాగేస్తారు. దయచేసి మీరు అలా చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. పల్చబడిన ఇనుము మీద ఆర్క్ పెడితే కాలి చిల్లు పడుతుంది. ఒకవేళ పట్టినా, కింద ఉన్న తుప్పు తన పని తాను చేసుకుపోతుంది, పైన రేకు ఉంది కాబట్టి ఎవరికీ కనిపించదు. ఆ బండిలో ఘాట్ రోడ్డెక్కేది మీ ఇంటివాళ్లే.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగలు విప్పండి, ఆల్టర్నేటర్ కనెక్షన్ కూడా తీసేయండి. వెనక భాగంలో పని ఉంటే పెట్రోల్ ట్యాంకు దింపి దూరంగా పెట్టాల్సిందే. ఖాళీ ట్యాంకే కదా అని వదిలేయకండి, పెట్రోల్ కంటే దాని ఆవిరే ఎక్కువ ప్రమాదం. రైలు వెంబడి పోయే బ్రేకు పైపులు, వైరింగ్ పక్కకు తప్పించండి. మంటలార్పే సిలిండర్ చేతికందేంత దగ్గర ఉండాలి.

బండిని జాకీ మీద వదలకుండా, కోయబోయే చోటికి ముందొకటి, వెనకొకటి స్టాండ్లు పెట్టండి. తర్వాత ఛాసిస్ మీద నాలుగు గట్టి బోల్టు రంధ్రాలు ఎంచుకుని మూల నుంచి మూలకు రెండు కొలతలూ టేపుతో తీసి రాసుకోండి. రెండు రైళ్లనూ ఒకేసారి కోయకండి. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు.

గ్రైండర్‌కి కటింగ్ చక్రం వేసి సుద్ద గీత కంటే ఇంకొంచెం బయటికి కోయండి. ఎక్కడ ఆపాలో ఇనుమే చెబుతుంది: అంచు తెల్లగా మెరవాలి, పొరలుగా విడిపోకూడదు, మందం తగ్గి ఉండకూడదు. మూలలు గుండ్రంగా తిప్పండి, పదునైన మూల దగ్గరే పగులు మొదలవుతుంది. ఛాసిస్ నంబరు కొట్టిన చోట మాత్రం గ్రైండర్ తాకనివ్వకండి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌లో ఆ నంబరు చూస్తారు.

ఇప్పుడు ప్లేటు. ఆరోగ్యంగా ఉన్న చోట వెర్నియర్‌తో మందం కొలిచి, అదే మందం మైల్డ్ స్టీల్ తీసుకోండి. మందంగా ఉంటే ఇంకా బలమేగా అనిపిస్తుంది. పాతబట్టకి గోనెగుడ్డ మాసిక వేస్తే పక్కనే చిరిగినట్టు, ఇక్కడ కూడా అతుకు పక్కనే పగులుతుంది. జింకు పూసిన రేకు వాడకండి, కాలితే వచ్చే పొగ పీల్చినవాళ్లకు జ్వరం తెప్పిస్తుంది.

అతుకు ఆకారం గురించి కొంచెం ఆగి చెప్పాలి. బండి గుంటలో పడ్డప్పుడల్లా రైలు వంగుతుంది. అప్పుడు పై అంచు, కింది అంచు ఎక్కువ లాగుడు, నొక్కుడు భరిస్తాయి. పక్కగోడ మధ్య భాగానికి ఆ బాధ తక్కువ. అందుకే రైలుకి అడ్డంగా, నిటారుగా ఒకే గీతలో వెల్డింగ్ ఉండకూడదు. అతుకు చివరలు ఏటవాలుగా ఉండాలి. కింది ముఖం మీద అడ్డ వెల్డింగ్ తప్పించుకోగలిగితే తప్పించుకోండి.

మిగ్ మెషిన్ (రాడ్ బదులు చుట్టలోని తీగతో వెల్డింగ్ చేసేది) దొరికితే పల్చటి ఇనుముకి అదే సుఖం. లేకపోతే మామూలు ఆర్క్ మెషిన్, 2.5 ఎంఎం 6013 రకం వెల్డింగ్ రాడ్ చాలు, 60–90 ఆంపియర్ల మధ్య మీ మెషిన్‌కి తగ్గట్టు చూసుకోండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్‌కి దగ్గరలో, గీకి మెరిసిన ఇనుముకే పెట్టండి. ముందు నాలుగు వైపులా ట్యాకింగ్ చేసి (ప్లేటు నిలిచేలా అక్కడక్కడా చిన్న చుక్కలుగా అతికి), మూల కొలతలు మళ్లీ తీయండి. తేడా వస్తే ట్యాకులు కోసి సరిచేయడం ఇప్పుడే సులువు. కొలత కుదిరాక అంగుళం చొప్పున, ఒకసారి ఈ వైపు, ఇంకోసారి ఎదురువైపు వేస్తూ పోండి. మధ్యలో చల్లారనివ్వండి. తొందరపడి నీళ్లు చల్లకండి.

కమాన్ కట్టల బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్స్ బిగించే చోటు దాకా తుప్పు పాకితే ఈ పాఠంతో ఆ పని మొదలుపెట్టకండి. ఛాసిస్ వెల్డింగ్‌లో చేయి తిరిగినవాళ్ల చేత చేయించండి, మీరు పక్కనుండి చూడండి.

వచ్చే పాఠంలోపు పాత రేకు ముక్కలు, మీ ప్లేటు మందానివే, రెండేసి అతికి ప్రాక్టీసు చేయండి. చల్లారాక వైస్‌లో బిగించి వెల్డింగ్ దగ్గర వంచండి. ఇనుము వంగి అతుకు నిలిస్తే బండి కిందికి దూరవచ్చు. అతుకే విడిపోతే ఆంపియర్ కాస్త పెంచి మళ్లీ వేయండి. రైలు లోపలికి ప్రైమరు, మైనం పట్టించే పద్ధతి నాలుగో పాఠంలో చూద్దాం.