బెంగళూరు అపార్టుమెంటులో సేద్యం సినిమా: పెద్దవాళ్లతో కలిసి చూడటం ఎలా?

సాయంత్రం ఆరు దాటాక మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఏ అపార్టుమెంటులోకి వెళ్లినా పార్కు బెంచీల మీద మన పెద్దవాళ్లు కనిపిస్తారు. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతే మనవళ్లను చూసుకోవడానికి ఊరు విడిచి వచ్చినవాళ్లు. వాళ్లలో చాలామంది చేతులు నలభై, యాభై ఏళ్లు మట్టిలో మెలిగినవే. సేంద్రియ సేద్యం మీద, పల్లె బతుకు మీద వచ్చే సినిమాలు, సిరీస్‌లు మాత్రం మనం ల్యాప్‌టాప్ ముందేసుకుని ఒక్కళ్లమే చూసేస్తాం, వాళ్లు పక్క గదిలో ఉండగానే.

మా అపార్టుమెంటులో రెండేళ్లుగా నెలకొక సేద్యం సినిమా వేస్తున్నాం. ఇన్ని చూశాక నాకు గట్టిగా తేలింది ఒకటే. సేద్యం చేసినవాళ్లు పక్కన కూర్చోవాలి, వాళ్లు ఆపమన్నచోట సినిమా ఆపాలి. అప్పుడే తెరమీద జరిగేది ఏమిటో మనకు తెలుస్తుంది. మీ దగ్గరా ఇది పెట్టుకోవాలంటే ఇలా చేయండి.

ముందు మనుషులు, తర్వాత సినిమా

వాట్సాప్ గ్రూపులో పోస్టరు పెడితే మన వయసువాళ్లే వస్తారు. పెద్దవాళ్ల దగ్గరికి నడిచిపోయి పిలవాలి. "సినిమా వేస్తున్నాం, రండి" అంటే "మాకెందుకమ్మా, కళ్లు సరిగా ఆనవు" అంటారు. అలా కాకుండా, "పెద్దమ్మా, ఈ సినిమాలో ఆయన చేసే సేద్యం సరిగ్గా ఉందో లేదో నువ్వే చూసి చెప్పాల" అనండి. తప్పకుండా వస్తారు. ఎవరిది ఏ ఊరు, మాగాణా మెట్టా, ఏ పంటలు పండించారు అన్నది ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. కోనసీమలో వరి చేసినాయనకూ కదిరి వైపు సెనక్కాయ చేసినామెకూ ఒకే దృశ్యం వేరువేరుగా కనిపిస్తుంది. ఇద్దరూ గదిలో ఉండటం ముఖ్యం. ఎనిమిది పది మంది పెద్దవాళ్లుంటే చాలు.

ఏ సినిమా వేయాలి?

మొదటి నెల తమిళ సినిమా ‘కడైసి వివసాయి’తో మొదలుపెట్టండి. మణికంఠన్ తీసింది, 2022లో వచ్చింది. ముసలి రైతుగా చేసిన నల్లాండి నటుడు కాడు, నిజంగా పల్లెలో బతికిన మనిషి. సినిమా విడుదలకు ముందే ఆయన పోయారు. మాటలు తక్కువ, పని ఎక్కువ చూపిస్తారు కాబట్టి తమిళం రానివాళ్లకూ నడిచిపోతుంది. నెమళ్లను చంపాడన్న తప్పుడు కేసులో ముసలాయన్ను పట్టుకుపోతే, అక్కడ పొలంలో దేవుడి కోసం వేసిన పైరు ఎండిపోతుంటుంది. ఆ పైరుకు నీళ్లు పెట్టే పని కానిస్టేబుల్ మీద పడుతుంది. కోర్టు సంగతి ఏమవుతుందోనని మేం చూస్తుంటే, మా పెద్దవాళ్లందరూ ఆ పైరు ఏమవుతుందోనని చూశారు.

పిల్లలు కూడా వస్తారంటే ‘ది బిగ్గెస్ట్ లిటిల్ ఫార్మ్’ వేయండి. 2018 నాటి డాక్యుమెంటరీ. కాలిఫోర్నియాలో ఇద్దరు భార్యాభర్తలు చచ్చుబడిన రెండొందల ఎకరాల నేలను మళ్లీ లేపిన కథ. చెట్లకు నత్తలు పడితే బాతులను వదులుతారు, పందికొక్కుల్లాంటివి వేళ్లు కొరికేస్తే గుడ్లగూబలు వచ్చి వాలేలా చూస్తారు. ఇది చూసిన మరునాడు మా పిల్లలు మందార చెట్టు మీది పిండినల్లిని ఏ పురుగు తింటుందని అడగడం మొదలుపెట్టారు.

మన తెలుగులో ‘మహర్షి’ (2019) ఉంది. సెలవురోజు పొలానికి పోయి పనిచేయాలన్న మాటను నగరం దాకా తెచ్చింది. అందుకు దాన్ని మెచ్చుకోవాల్సిందే. అయితే వారానికి ఒకరోజు పోతే సేద్యం సాగదన్న మాట మీ పెద్దవాళ్లే చెబుతారు, వాళ్ల నోటే చెప్పనివ్వండి. పల్లె పాలన, పల్లె మనుషుల మీద సరదాగా ఏదైనా కావాలంటే 2025లో వచ్చిన ‘సివరపల్లి’ సిరీస్ ఉంది. హిందీ ‘పంచాయత్’కు తెలుగు రూపం.

ఇంగ్లీషు అర్థమయ్యే గుంపయితే, ఇంగ్లండులో సేద్యానికి దిగిన ఒక టీవీ ఆయన మీద వచ్చిన సిరీస్ ‘క్లార్క్‌సన్స్ ఫార్మ్’ మొదటి సీజను చూపించండి. వెయ్యెకరాల పొలం, ట్రాక్టర్లు, గొర్రెలు అన్నీ ఉన్న మనిషికి ఏడాది చివర లెక్క చూసుకుంటే చేతిలో మిగిలింది 144 పౌండ్లు. సేంద్రియ సేద్యం కాదది, అయినా నేను దాన్ని వదలను. మన సినిమాల్లో పాటలో విత్తనం పడి పాట అయ్యేలోపు పంట ఇంటికొస్తుంది. ఖర్చు పోను ఎంత మిగిలిందో చెప్పే సినిమా దొరకడం అరుదు.

అనుమతి మాట మరవొద్దు

మీ ఇంట్లో టీవీలో పది మందిని కూర్చోబెట్టుకుని చూడటం వేరు, క్లబ్‌హౌసులో నోటీసు పెట్టి చూపించడం వేరు. ఓటీటీ చందా మన ఇంటివరకే. అందరికీ వేయాలంటే హక్కులున్నవాళ్లకు రాసి అడగాలి. డాక్యుమెంటరీ తీసినవాళ్లయితే నేరుగా ఈమెయిల్ పెట్టండి. టికెట్ లేదు, ఇంతమంది చూస్తాం, ఫలానా రోజు అని స్పష్టంగా రాయండి.

గది, ధ్వని, భాష

మా మొదటి సినిమా చెడిపోయింది ఇక్కడే. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లున్న సినిమా వేసి మేం చదువుకుంటూ కూర్చున్నాం. అరగంటకల్లా వెనక వరస ఖాళీ. పెద్దవాళ్లు ఎవర్నీ ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయారు, ఆ రోజు నాకు చాలా బాధేసింది. అప్పట్నుంచి ఒకరు ముందే సినిమా చూసి, మైకు పట్టుకుని తెలుగులో రెండు ముక్కల్లో చెబుతారు. ప్రతి మాటా చెప్పక్కర్లేదు. ‘ఈమె వాళ్లక్క, అప్పు అడుగుతోంది’ అంటే సరిపోతుంది. వీపు ఆనే కుర్చీలు వేయండి. సినిమా ఎనిమిదిలోపు అయిపోవాలి, మందులు వేసుకునే వేళ అది.

ఆపండి, అడగండి

ఇదే అసలు పని. ఈ పద్ధతి బెంగళూరులో పుట్టిందే. 2006లో ఇక్కడి మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో మొదలైన డిజిటల్ గ్రీన్ అనే సంస్థ, రైతుల చేతనే వాళ్ల పనిని వీడియో తీయించి పక్క ఊళ్లలో చూపించింది. ఊరి మనిషి ఒకరు నిలబడి, మధ్యమధ్యలో వీడియో ఆపి, ‘ఇప్పుడేం చేశాడు? మీరైతే ఏం చేస్తారు?’ అని అడుగుతారు. మేం అదే పట్టుకున్నాం. రిమోటు ఒక పెద్దాయన చేతిలో పెడతాం.

ఒకసారి తెరమీద హీరో గుప్పెడు మట్టి తీసి, కళ్లకద్దుకుని నవ్వాడు. "ఆపు నాయనా" అంది ఎనిమిదో అంతస్తు పెద్దమ్మ. "మట్టి పట్టుకునేది పదును చూసేదానికి." లేచిపోయి తలుపు పక్కనున్న కుండీలోంచి గుప్పెడు మట్టి తీసింది. పిడికిలి బిగించి తెరిచింది, ఉండ అయింది. నడుమెత్తు నుంచి వదిలింది. ఉండ నేలకు తగిలి పొడిపొడిగా చెదిరింది. "ఇదీ పదును. ఉండ అట్లే నిలిస్తే తడి ఎక్కువ, నాగలి పెడితే పెళ్లలు లేస్తాయి. ఉండే కట్టకపోతే ఇంకో వాన పడాల." గదిలో అందరూ లేచి కుండీ చుట్టూ చేరారు. ఆ సినిమా ఆ రోజు పూర్తవలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఏం అడగాలో తెలియకపోతే మూడింటితో మొదలుపెట్టండి. ఇది ఏ కార్తెలో చేసే పని? పెంట (పశువుల ఎరువు) ఎక్కడిది? ఈ పనికి ఎంతమంది కూలీలు కావాలి? కార్తె మాట ఎత్తగానే "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి" అని ఒకరు అందుకుంటారు, ఇక అక్కడినుంచి గంట మీది కాదు.

చూసింది చేత్తో చేయండి

సినిమా చూసిన వారంలోపు ఒక పని పెట్టుకోవాలి, లేకపోతే అది మనసులోంచి జారిపోతుంది. మేం చేసింది జీవామృతం, అంటే సేంద్రియ సేద్యంలో నేలకు పోసే ద్రవ ఎరువు. ఎకరానికైతే రెండొందల లీటర్ల నీళ్లు, పది కిలోల నాటు ఆవు పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గట్టుమీది మట్టి గుప్పెడు. డాబా కుండీలకు అందులో పదో వంతు చాలు: ఇరవై లీటర్ల బకెట్టు, కిలో పేడ, లీటరు మూత్రం, బెల్లం, శనగపిండి రెండొందల గ్రాముల చొప్పున, చిటికెడు మట్టి. నీడలో పెట్టి గోనెసంచి కప్పి, పొద్దునా సాయంత్రం కర్రతో ఒకవైపుకే తిప్పాలి. 48 గంటలకు తయారవుతుంది, వారంలోపు వాడేయాలి. వాసన వస్తుంది కాబట్టి పక్కింటివాళ్లకు ముందే చెప్పండి.

ఏడాదికోసారి తెరదాటి పొలానికి

హైదరాబాదు రోడ్డులో పెనుకొండ దాటాక చెన్నేకొత్తపల్లి వస్తుంది. 1990లో 32 ఎకరాల బీడుతో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే గ్రామీణ, సేంద్రియ సేద్య సంస్థ అక్కడిదే. దాని మీద రింటు థామస్, సుష్మిత్ ఘోష్ తీసిన ‘టింబక్టు’ డాక్యుమెంటరీకి 2012 సంవత్సరానికి పర్యావరణ విభాగంలో జాతీయ అవార్డు వచ్చింది. ముందు సినిమా చూడండి, తర్వాత అక్కడివాళ్లకు రాసి, రమ్మంటే వెళ్లండి. చెప్పకుండా వాలిపోవద్దు, పనిరోజుల్లో వాళ్ల పని చెడుతుంది. అంత దూరం కుదరకపోతే కార్తీకం చివరి సోమవారం బసవనగుడి కడలెకాయి పరిషెకు (సెనక్కాయల జాతరకు) పెద్దవాళ్లను తీసుకుపోండి. రైతులే కుప్పలు పోసి అమ్ముతారు. మా పెద్దాయన ఒక కాయ చిదిమి, గింజ వాసన చూసి, ఇది ఎర్రనేల కాయ అని చెబుతుంటే, అమ్మే ఆయన అవునని నవ్వి, ఊరి పేరు చెప్పి, దోసెడు కొసరు వేశాడు.

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్లొచ్చిన పెద్దమ్మ కొంగుముడిలో కొర్ర విత్తనం తెచ్చింది. క్లబ్‌హౌసు తలుపు పక్కన, ఆమె పదును చూపించిన ఆ కుండీలోనే చల్లాం. ఈ వారం వెన్ను తీసింది. పిచ్చుకలు కనిపెట్టకముందే వల కట్టాలా వద్దా అని పిల్లలు రోజూ అడుగుతున్నారు. కట్టొద్దని పెద్దమ్మ అంది.