రోబో బొమ్మకు రివ్యూ రాయడం, 5వ పాఠం: ఆ సందు ఎవరి పాపం?

పోయిన పాఠం చివర ఒక చిన్న పనిచ్చాను. మీ దగ్గరున్న ట్రాన్స్‌ఫార్మర్‌లలో (బండిగానో, విమానంగానో మడిచే రోబో బొమ్మల్లో) ఒకదాన్ని బండిగా మార్చి, ఆ రూపం గురించి పది వాక్యాలు రాసి పంపమన్నాను. వచ్చినవాటిలో సగానికి పైగా ఒకటే మాట: "వెహికల్ మోడ్‌లో గ్యాప్స్ ఉన్నాయి, క్వాలిటీ నిరాశపరిచింది." ఒకరిని చూసి ఒకరు రాశారనుకోవడానికి లేదు. బొమ్మలు వేరు, మీరుండే పేటలు వేరు. కాబట్టి ఈసారి చెప్పాల్సిన రోబో నిలకడ పాఠం వాయిదా. ముందు ఈ గ్యాప్స్ సంగతి తేలాలి.

నయం, ఫోటోలు కూడా పంపారు. ఉప్పల్ నుంచి ఒకాయన పంపిన కారులో రూఫు వెనక అంచు లేచి ఉంది, ఆ సందులోంచి రోబో మొహం తొంగి చూస్తోంది. మొహం కనిపిస్తోందంటే తల పూర్తిగా లోపలికి మడవలేదనేగా అర్థం? దానికి క్వాలిటీ ఏం చేస్తుంది? కూకట్‌పల్లి తమ్ముడు ఒకతను "అన్నా, జెట్ కింద చేతులు కనవడుతున్నయ్, నా పీస్ డిఫెక్టా?" అని అడిగాడు. కాదు తమ్ముడూ. స్టార్‌స్క్రీమ్ అనే ఈ రోబో ఎక్కువగా మారేది ఎఫ్-15 యుద్ధవిమానంగా. పలచటి విమానంలో రోబో చేతులు పట్టవు, పొట్ట కిందికి చేరతాయి. చాలా స్టార్‌స్క్రీమ్‌లకు ఉన్న జబ్బే అది. మూడో ఫోటో మల్కాజిగిరి నుంచి. ఎడమ డోరు చక్కగా కూర్చుంది, కుడి డోరు కూర్చోలేదు. ఇది మాత్రం నిజంగా ఆ పీస్‌లో లోపమే.

మూడు ఫోటోల్లోనూ ఉన్నది సందే, కారణాలు మాత్రం మూడు. మొదటిది చెయ్యి తప్పు, రెండోది మోల్డ్ (ప్లాస్టిక్ పోసే అచ్చు) తీరు, మూడోది ఆ ఒక్క పీస్ లోపం. మీరేమో మూడింటికీ ఒకే వాక్యం రాశారు. అది చదివేవాడికి మీ నిరాశతో పనిలేదు, వేలు పోసి కొనాలా వద్దా అన్నదే కావాలి. చెయ్యి తప్పైతే కిటుకు చెబితే చాలు, కొనుక్కుంటాడు. పీస్ లోపమైతే పెట్టె రాగానే ఎక్కడ చూసుకోవాలో, ఎప్పుడు వాపసు పంపాలో తెలియాలి. మోల్డే అంతైతే ఎన్ని పీసులు మార్చినా ఉపయోగం లేదు, ఆ సందుతో కాపురం చేయగలడో లేదో అతనే తేల్చుకుంటాడు.

లైటింగు, ఫోటో కోణాలు, ఎలా మార్చాలో చెబుతూ బొమ్మతో వచ్చే షీటు చదవడం లాంటివి మీకు చెప్పక్కర్లేదు. నేరుగా చెయ్యి తప్పు దగ్గరికి వస్తాను. నాకు ఒళ్లు మండే విషయం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాం.

ఇప్పటి బొమ్మల్లో ప్రతి ప్యానెల్‌కీ ఒక ట్యాబ్, అది దిగే గాడి ఉంటాయి. లోపలున్నవన్నీ వాటి చోట్లలో కూర్చుంటేనే చివరి రెండు మూడు ప్యానెళ్లు మూతపడతాయి. మోచెయ్యి ఒక్క మిల్లీమీటరు బయటికి ఉందనుకోండి. అది డోరును నెడుతుంది, డోరు రూఫును ఎత్తుతుంది, చివరికి సందు బానెట్ దగ్గర తేలుతుంది. మీరు బానెట్ ఫోటో తీసి "బానెట్ ఫిట్టింగ్ బాలేదు" అని రాస్తారు. సందు కనిపించిన చోట తప్పు వెతకడం మొదటి పొరపాటు.

లేచిన ప్యానెల్‌ను వేలితో నెమ్మదిగా నొక్కి వదలండి. అక్కడే ఉండిపోతే, ఇందాక మీరు సరిగా నొక్కలేదంతే. మళ్లీ లేస్తే కింద ఏదో అడ్డముంది. అప్పుడు ఇంకా గట్టిగా నొక్కకండి, మీ కాళ్లు పట్టుకుంటాను. బలవంతంగా వంచితే ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌లో కంటికి కనపడనంత సన్నటి చీలికలు పుడతాయి, వెలుతురు వాటి మీద చెదిరి అక్కడ తెల్లగా కనిపిస్తుంది. మనం స్ట్రెస్ మార్క్ అనేది దాన్నే. పంపిన ఫోటోల్లో రెండింటి మీద ఈ తెల్ల గీతలు చూశాను. వాటిని కూడా "ప్లాస్టిక్ నాసిరకం" ఖాతాలో వేశారు!

తర్వాత గదిలో లైటు ఆపి, బొమ్మ కింద నుంచి ఫోన్ టార్చ్ వెయ్యండి. సందులోంచి వచ్చే వెలుగు గీతను చూస్తే ఏది దేనికి తగులుతోందో తెలిసిపోతుంది. అనుమానితులు ఎప్పుడూ ఉండేవాళ్లే: సగమే మడిచిన తల, లోపలికి తిప్పని పిడికిలి, కొంచెం వంగిన మోచెయ్యి, పూర్తిగా తిరగని నడుము, మడవడం మరిచిన పాదం ముందు భాగం. పిడికిలి మీద నాకు ప్రత్యేకమైన పగ ఉంది. నేను చూసిన సందుల్లో చాలావాటికి అదే కారణం.

కట్ కట్ మని శబ్దం చేసే రాచెట్ కీళ్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. రాచెట్ ఒక క్లిక్కు మీద ఆగుతుంది, లేదా పక్క క్లిక్కు మీద ఆగుతుంది, మధ్యలో నిలవదు. తుంటి కీలు ఒక క్లిక్కు తక్కువ తిప్పితే కాలు కొద్దిగా వంకరగా ఉంటుంది, బండి వెనక చక్రం గాల్లో తేలుతుంది. ఒక క్లిక్కు ముందుకు తిప్పి చూడండి, వెనక్కీ తిప్పి చూడండి. రెండు చోట్లా చక్రం నేలకి ఆనకపోతే అప్పుడు మోల్డ్ మీద అనుమానపడండి. ఒక్క వైపే తిప్పి చూసి తీర్పు రాస్తే ఒప్పుకోను.

ఇక వరస. షీటులో ఒకే పటంలో మూడు నాలుగు బాణాలు గీసేస్తారు. వాటిలో ఏది ముందు, ఏది వెనక అన్నది మన తలనొప్పి. భుజాలు లోపలికి తోసి ఆ తర్వాత రూఫు మూస్తే కూర్చునే బొమ్మలో, రూఫు ముందు మూసి భుజాలు తోస్తే జన్మలో కూర్చోదు. పెట్టె మీది ఫోటోను నమ్ముకోవద్దు. కంపెనీలు విడుదల చేసే ఫోటోల్లోనే తప్పుగా మార్చిన బొమ్మలు కనిపిస్తుంటాయి, కలెక్టర్ల మధ్య ఇది పాత జోకు. సందు వస్తే అన్నీ సరిగా కూర్చున్న చివరి మెట్టు దాకా వెనక్కి వెళ్లి, అక్కణ్నుంచి వరస మార్చి చూడండి.

నా అడ్డదారి చెబుతాను. బండి రూపం ఒక్కసారి సందుల్లేకుండా కుదిరిందంటే, దాన్ని తిరిగి రోబోగా విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకుంటాను. ఆ వీడియోను వెనక్కి నడిపిస్తే సరైన వరస అదే. షీటు కన్నా నాకు అదే నమ్మకం. ప్యానెల్ విప్పడానికి గోరు వాడొద్దు. ఫోన్ రిపేరు వాళ్లు స్క్రీన్ లేపడానికి వాడే పలచటి ప్లాస్టిక్ ముక్క అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో దొరుకుతుంది, రంగు గీసుకోకుండా పని జరిగిపోతుంది.

ఇంత చూశాక కూడా సందు ఉంటే, అది మీది కాదు. పోతే, ఎలా పోయిందో రాయండి. రాసే పద్ధతి ఇలా ఉండాలి: "రూఫు వెనక అంచు దగ్గర గోరు దూరేంత సందు వస్తుంది. భుజాలు లోపలికి తోశాక రూఫు మూస్తే పోతుంది, షీటులో ఈ వరస లేదు." ఇలాంటి రెండు వాక్యాలు నాకు చాలు. ఉప్పల్ ఆయన ఒక పేజీ రాశారు, అందులో రూఫు ఎలా మూశారో లేదు.

పీస్ లోపం కనిపెట్టడం దీనికన్నా తేలిక. రోబోల్లో చాలావాటికి కుడి, ఎడమ ఒకేలా ఉంటాయి కాబట్టి రెండు వైపులూ పోల్చండి. ఒకే వరసలో మార్చినా ఒక వైపే కూర్చోకపోతే ఆ వైపు ఏదో ఉంది. గాడిలో రంగు పేరుకుని ఉండొచ్చు, కీలు పిన్ను పూర్తిగా దిగకపోయి ఉండొచ్చు, ప్లాస్టిక్ అంచున సన్నటి రెక్క మిగిలిపోయి ఉండొచ్చు, స్క్రూ మరీ బిగించి ఉండొచ్చు. ఫ్యాక్టరీలో కుడి తొడ ఎడమకీ, ఎడమది కుడికీ బిగించి పంపిన సందర్భాలు కూడా ఉంటాయి. రివ్యూలో "ఈ బొమ్మకు" అని కాక "నా పీస్‌లో" అని రాయండి.

మన ఎండల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మే నెలలో మధ్యాహ్నమంతా డెలివరీ బైక్ మీద తిరిగొచ్చిన పెట్టెను అప్పుడే విప్పి కీళ్లు వదులని రాయకండి. సాయంత్రం దాకా ఫ్యాను కింద ఉండనివ్వండి. మెత్తటి ప్లాస్టిక్ కత్తి వంకరపోయి ఉంటే వేడి నీళ్లలో ముంచి, నిటారుగా చేసి, వెంటనే చల్లనీళ్లలో పెడితే సరిపోతుంది.

మోల్డ్ తప్పు అని రాయాలంటే రెండు వైపులా ఒకేలా ఉండాలి, వరస మార్చినా మారకూడదు. మీ దగ్గరున్నది ఒక్క పీసే కదా, అందరిదీ అంతేనని ఎలా చెబుతారు? దాని అన్నదమ్ముల్ని చూడండి. ఒకే మోల్డ్‌కు రంగు మార్చి ఇంకో పేరుతో అమ్మడం ఈ బొమ్మల్లో మొదటి నుంచీ ఉంది. 1984లో స్టార్‌స్క్రీమ్, థండర్‌క్రాకర్, స్కైవార్ప్ ముగ్గురూ ఒకే మోల్డ్. ప్రౌల్, బ్లూస్ట్రీక్‌లది ఒకే కారు, 1985లో స్మోక్‌స్క్రీన్ కూడా వాటితో కలిశాడు. మీ నీలం జెట్‌కు ఉన్న సందు ఎవరి నల్ల జెట్ ఫోటోలోనో అదే చోట కనిపిస్తే, అది మోల్డే. ఇక ధైర్యంగా రాసుకోండి.

ఒక అక్క మంచి ప్రశ్న వేశారు: పాత జీ1 (జనరేషన్ 1, అంటే మొదటి తరం) బొమ్మల్లో ఈ గొడవ లేదు కదా అని. కొంతవరకు నిజమే. 1984లో అమెరికా కంపెనీ హాస్‌బ్రో అమ్మినవి చాలావరకు జపాన్ కంపెనీ టకారా అంతకుముందు చేసిన డయాక్లోన్, మైక్రో ఛేంజ్ అనే వరసల బొమ్మలే. కీళ్లు తక్కువ, మడతలు తక్కువ, తప్పు చేసే చోట్లూ తక్కువ. కానీ ఆ ఆప్టిమస్ ప్రైమ్ పిడికిళ్లు విడిగా తీసి పెట్టుకోవాలి, స్టార్‌స్క్రీమ్ రెక్కలు కూడా అంతే. పోగొట్టుకున్న పిడికిలి కోసం ఇప్పటికీ వెతుక్కునేవాళ్లున్నారు. పిడికిళ్లతో నాకెప్పుడూ గొడవే! ఇంకో మాట: 80ల చివర, 90లలో వచ్చిన బంగారు రంగు ప్లాస్టిక్ బొమ్మల్లో కొన్ని వయసుతో పెళుసెక్కి, ముట్టుకుంటే పొడైపోతాయి. రివ్యూ కోసం వాటిని మార్చి చూడకండి, ఫోటో తీసి పక్కన పెట్టండి.

పారదర్శక ప్లాస్టిక్‌తో చేసిన కీలు కనిపిస్తే నా దగ్గర సగం మార్కులు అక్కడే పోతాయి. అది తెల్లబడి హెచ్చరించదు, ఒకేసారి విరుగుతుంది. కారు అద్దాల కోసం మొత్తం రూఫును పారదర్శకంగా పోసి, పైన బాడీ రంగు వేసేస్తారు, కాబట్టి చూపుకి తెలియదు. లోపలి వైపు రంగు వెయ్యని చోటు చూడండి, దొరికిపోతుంది. అలాంటి కీలు ఎక్కడుందో రాసిన రివ్యూ నాకు వంద ఫోటోల కన్నా విలువైనది.

మరో ఇద్దరు బేగంబజార్‌లో కొన్న డూప్లికేట్ల మీద రాసి, అసలు కంపెనీని తిట్టారు. డూప్లికేట్‌లో సందు ఉందంటే మోల్డ్ గురించి మీరు చెప్పగలిగింది సున్నా. కొందరైతే బొమ్మను పెద్దది చేసి పోస్తారు, అక్కడ కొలతలన్నీ మారిపోతాయి. కొనొద్దని అనను, ఏది కొన్నారో మొదటి వాక్యంలోనే చెప్పండి. పెట్టె మీద ఐఎస్ఐ మార్కు ఉందా లేదా కూడా రాయండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లలకు అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి. ధర రాస్తే ఇక్కడి షాపు ధరో, బయటి నుంచి తెప్పించుకున్న ధరో చెప్పండి. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి చేరింది. ఆ భారాన్ని బొమ్మ డిజైన్ మీద రుద్దకండి.

ఇక అభ్యాసం. ఈసారి గట్టిగానే ఉంటుంది.

డీలక్స్ సైజు బొమ్మ ఒకటి తీసుకోండి, అంటే సుమారు ఐదున్నర అంగుళాలది. పెద్దవి వద్దు. వారం రోజులు రోజుకొకసారి రోబో నుంచి బండికి, బండి నుంచి రోబోకి మార్చండి. మొదటి రోజు షీటు చూడొచ్చు, తర్వాత దాన్ని బీరువాలో పెట్టెయ్యండి. ప్రతిరోజూ ఎక్కడ సందు మిగిలిందో ఒక్క లైను రాసుకోండి. రోజుకొక చోట తేలే సందు మీ చేతిది. ఏడు రోజులూ ఒకేచోట ఉండేదాన్ని మాత్రం పీస్‌దో, మోల్డ్‌దో తేల్చండి, ఎలా తేల్చారో కూడా రాయండి.

ఎనిమిదో రోజు ఆ బొమ్మను ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి. ఎప్పుడూ ముట్టుకోనివాళ్లయితే ఇంకా మంచిది. షీటు ఇవ్వొద్దు, మీరు నోరు విప్పొద్దు. వాళ్ల చెయ్యి ఏ కీలు దగ్గర ఆగిందో, ఎక్కడ బలం పెట్టబోయారో రాసుకోండి. విరిగేలా ఉంటేనే అందుకోండి. ఆ తర్వాత 150 మాటల్లో రివ్యూ రాసి పంపండి. అందులో "గ్యాప్", "క్వాలిటీ", "సూపర్" అన్న మాటలు కనిపిస్తే చదవకుండానే తిప్పి పంపుతాను.

టార్చ్ వేసి తీసిన ఫోటో ఒక్కటి జత చెయ్యండి, బొమ్మ పక్కన స్కేలు పెట్టి. వచ్చే పాఠానికి ఆ స్కేలు ఎలాగూ కావాలి, రోబో ఒంటికాలి మీద నిలబడినప్పుడు ఎంత వంగుతుందో దానితోనే కొలుస్తాం.